ఒలుపు గుంపు, వక్కాకు తిత్తి

మా వైపు విత్తనానికి ఉంచిన వేరుశనగను మిషనుకు వేసేవారు కాదు. మిషనులో గింజ చిట్లుతుంది, చిట్లిన గింజ మొలవదు. అందుకని ఏరువాకకు ముందు, ఎండలు ఇంకా తగ్గని రోజుల్లోనే, ఆసాముల వసారాల్లో ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని కాయలు చేత్తో ఒలిచేవారు. వాళ్ళు కూర్చోగానే ఆ ఇంటామె ఒక పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టేది. అందులో తమలపాకులు, వక్కలు, ఒక పక్కన నమిలే పొగాకు పొడి. ఆ పొడిని మా వైపు కడ్డిపుడి అంటారు.

బయటివాళ్ళు చూస్తే అది మర్యాద అనుకుంటారు. మర్యాదే, కాని దాని వెనక ఇంకో సంగతి ఉంది. దవడన పొగాకు పెట్టుకున్న మనిషి గింజ నమలదు. నమలాలంటే ముందు అది ఊసెయ్యాలి, లేచిపోయి నోరు పుక్కిలించాలి, అందరి కళ్ళలో పడాలి. కరువు సీమలో విత్తనం ఎంత అపురూపమో చెప్పనక్కరలేదు. ఆ కుప్పకు పొగాకు పళ్ళెమే కాపలా.

చిన్నప్పటినుంచి చూస్తున్నదే కాబట్టి దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. తొంభైల చివర్లో, చిలమత్తూరు వైపు మా ఊరికి దగ్గర్లో ఒక చిన్న ధర్మాసుపత్రి తెరిచాక ఆలోచించాల్సి వచ్చింది. అక్కడికి వచ్చిన డాక్టరమ్మకు రోగుల పక్కన కూర్చుని నిదానంగా మాట్లాడే మనిషి కావలసివచ్చింది. చదవడం, రాయడం వస్తే చాలు, సర్టిఫికెట్టు అక్కర్లేదు అంది. నాకు సర్టిఫికెట్టు లేదు. బడి వంక నీళ్ళు దాటి అవతల ఉండేది, అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. దూదేకే పని చేసే నాయన నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుని చదువు చెప్పాడు. ఏకిన దూదిని నేల మీద పలచగా పరిచి అందులో వేలితో అక్షరాలు రాయించేవాడు. తప్పు రాస్తే అరచేత్తో దూదిని సర్దేసి మళ్ళీ రాయమనేవాడు. నమాజు చేసుకోవడం, తెలుగు చదవడం రెండూ ఆ గదిలోనే నేర్చుకున్నాను. ఆ చదువే నాకు అన్నం పెట్టింది. అల్లాకు షుక్రియా చెప్పుకోని రోజు లేదు.

రోగులు వెళ్ళిపోయాక సాయంత్రాలు డాక్టరమ్మ నాకు పాఠం చెప్పేది. అలవాటు మాన్పించడానికి మందు, భయం, బుద్ధి చెప్పడం ఇవి చాలవనేది. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు ఒకలా ఉంటుంది, నలుగురిలో ఉన్నప్పుడు ఇంకోలా ఉంటుంది. ఆ నలుగురు ఏం చేస్తారు, ఏమంటారు, తన గురించి ఏమనుకుంటారు అన్నదాని మీదే సగం నడవడిక ఆధారపడి ఉంటుంది. దీన్ని సామాజిక మనస్తత్వ శాస్త్రం అంటారని చెప్పింది. పేరు పెద్దది. సంగతి మాత్రం మా ఊళ్ళో ప్రతి అరుగు మీదా ఉన్నదే.

పెద్దక్క ఆస్పత్రికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఒలుపు గుంపుకు పెద్ద ఆమె. వయసులో తనకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను పెద్దక్క అనే పిలిచేవారు. ఆమె నడుముకు ఎప్పుడూ ఒక వక్కాకు తిత్తి ఉండేది, ఎర్రగుడ్డతో కుట్టి మూతికి తాడు బిగించినది. ఆసామి పళ్ళెం అయిపోయాక తిత్తి విప్పి, వరసగా అందరికీ ఇచ్చేది. ఆ చిటికెడు అందుకున్న మనిషి ఆ గుంపు మనిషి. ఆమె గుంపు గింజ తినదని పేరు. అందుకే ఆసాములు ముందు ఆమె ఇంటికే వచ్చి పిలిచేవారు.

"కారం తగిల్తే చాలు, నోరు మంటెత్తి పోతాంది పాపా. సంగట్లోకి ఊరిబిండి కూడా పెట్టుకోలేకున్నా" అని చెప్పింది.

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. పొగాకు పెట్టుకునే వైపు బుగ్గ లోపల తెల్లటి మచ్చ, పాల మీగడ అంటుకున్నట్టు. గుడ్డతో తుడిచినా పోలేదు.

"ఇప్పుడు పొగాకు మానేస్తే ఈ మచ్చ పోవచ్చు. మానకపోతే పుండు పడుతుంది. అది కేన్సరుగా మారితే దవడ కొయ్యాల్సి వస్తుంది" అని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

"మానేస్తాలేమ్మా, దాందేముండాది" అంది పెద్దక్క. బయటికి వెళ్ళి వేపచెట్టు కింద నిలబడి తిత్తి విప్పడం కిటికీలోంచి ఇద్దరమూ చూశాము.

ఆమె ఒక్కదానికి చెప్తే లాభం లేదు, గుంపందరికీ చెప్పాలని డాక్టరమ్మ అనుకుంది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ పెద్దక్క అరుగు మీద చేరిన వేళ ఇద్దరమూ వెళ్ళాము. నోటి కేన్సరు వచ్చినవాళ్ళ రంగు ఫోటోలు చూపించాము. ఒకామె కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె, "అబ్బబ్బ, ఎత్తెయ్ పాపా, చూడలేకున్నా" అంది. ఫోటోలు సంచిలో పెట్టేశాము. అప్పుడు గోడవార కూర్చున్న ముసలమ్మ పెద్దక్క వైపు చెయ్యి చాచింది.

"ఆ బొమ్మలు చూస్తానే నోరు పిడచ కట్టుకపాయ. రవ్వంత పెట్టు మే."

తిత్తి విప్పారు. అందరూ పెట్టుకున్నారు. భయం తగ్గడానికి వాళ్ళ దగ్గర ఉన్న మందు అదొక్కటే.

డాక్టరమ్మ ఇంకో ప్రయత్నం చేసింది. ఈ ఊళ్ళో పెద్ద వయసు ఆడవాళ్ళలో చాలామంది పొగాకు నములుతున్నారు, ఇది ఎంత ప్రమాదమో చూడండి అంది.

"చూసినారామే, అందరూ తింటాండారంట" అంది ముసలమ్మ తృప్తిగా. "మనమొకరమేనా?"

"తిననిది ఈ దూదేకులోళ్ళ పాప ఒకతే."

"దానికి ఇంగా పాలపండ్లు రాల్లేదులే!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగి వస్తూ దారిలో డాక్టరమ్మ, "తినేవాళ్ళే ఎక్కువని నా నోటితో నేనే చెప్పాను. తినడమే ఊరి పద్ధతని వాళ్ళకు ఇంకా గట్టిపడింది. ఇకమీదట ఆ మాట అనకూడదు" అంది.

ఆ ఏడాది పీర్ల పండుగ ఎండాకాలంలో వచ్చింది. పీర్ల చావిడి మా ఇంటి పక్కనే. పీర్లను కడిగి, పట్టుగుడ్డలు కట్టి నిలబెట్టే బాధ్యత మా నాయనది. ఆ దినాల్లో హిందువులు, ముస్లిములు అని లేకుండా ఊరంతా నియమంగా ఉంటుంది. తాగేవాళ్ళు తాగరు, కొందరు చెప్పులు కూడా వేసుకోరు. చివరి దినాల్లో ఒక పొద్దున పెద్దక్క తలస్నానం చేసి, పీర్ల ముందు ఫాతెహా చదివించడానికి చక్కెర పట్టుకుని వచ్చింది. వెనక గుంపంతా ఉంది. ఆమెను ఎవరూ రమ్మనలేదు.

"సామీ, ఈ పొద్దు నుంచి కడ్డిపుడి ముట్టను. ముట్టితే నా నోరు నువ్వే చూసుకో" అని అందరూ వినేలా చెప్పింది. వెనక ఉన్నవాళ్ళు కూడా చేతులు జోడించి అదే మాట అన్నారు. నాయన చక్కెర చదివించి అందరికీ పంచాడు.

ఈ సంగతి చెప్తే డాక్టరమ్మ ముఖం వెలిగింది. పదిమంది ముందు అన్న మాటను మనిషి తేలిగ్గా విడిచిపెట్టదని ఆమె పాఠంలో చెప్పిందే. ఇక్కడ పదిమందే కాదు, దేవుడు కూడా ఉన్నాడు. పండుగ అయ్యాక కూడా తిత్తిలో ఆకు, వక్క తప్ప ఏమీ లేవని విని నేను రెండు రకాతుల నమాజు ఎక్కువ చేసుకున్నాను.

తర్వాత ఒలుపు మొదలైంది.

మొదటి పిలుపు ఊళ్ళో ఎక్కువ చేను ఉన్న ఆసామి ఇంటినుంచి. ఆ రోజు ఏం జరిగిందో ముసలమ్మ తర్వాత నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. ఎప్పటిలాగే పళ్ళెం వచ్చింది. పొగాకు వద్దు, పీర్ల సామి దగ్గర ఒట్టు పెట్టుకున్నాం అని పెద్దక్క చెప్పింది. ఆసామి నవ్వాడు.

"ఒట్టు మీదమ్మా. ఇత్తనం నాది. ఉత్త నోర్లతో కూసుంటే సాయంత్రానికి నాకు మిగిలేది పొట్టే."

"నా గుంపు మింద ఎప్పుడన్నా మాటొచ్చిందా అన్నా?"

"రాలేదు. నోట్లో కడ్డిపుడి ఉండె కాబట్టి రాలేదు. కాదంటే చెప్పు, పక్కూరి గుంపుకు కబురంపిస్తా. వాళ్ళకే ఒట్లూ లేవు."

పెద్దక్క తన వాళ్ళ వైపు చూసింది. ఆమే ముందు చెయ్యి పెట్టి చిటికెడు తీసుకుంది. ఆమె తీసుకున్నాక అందరూ తీసుకున్నారు.

ఆ రోజు తర్వాత పెద్దక్క ఆస్పత్రికి రావడం మానేసింది. బోరింగు దగ్గర నన్ను చూస్తే బిందె సగంలోనే ఎత్తుకుని ఇంకో సందులోకి తిరిగేది. ముందు పగటి వేళ మాత్రమే నమిలే మనిషి ఇప్పుడు నిద్రలో కూడా దవడన పెట్టుకుంటోందని ముసలమ్మ చెప్పింది. డాక్టరమ్మ ఆశ్చర్యపడలేదు. ఒక్కసారి కాలు జారినవాళ్ళు అంతా పోయినట్టే అనుకుని పూర్తిగా దొర్లిపోతారు, జారడంకంటే ఆ అనుకోవడమే ఎక్కువ చెరుపు చేస్తుంది అంది. నాకు ఇంకో సంగతి కనబడింది. ఆమె ఒట్టు పెట్టుకున్నది మా ఇంటి పక్కన, మా నాయన ముందు. నేను ఆ ఇంటి పిల్లను. నన్ను చూస్తే ఆమెకు పీర్లు కనబడుతున్నాయి.

అయినా ఒకరోజు వెళ్ళాను. తలుపు సగం మూసి, గడప లోపలే నిలబడింది. మాట్లాడేటప్పుడు కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"యాలొస్తివి పాపా?"

"ఆస్పత్రికి రాలేదు కదక్కా, అందుకే వచ్చినా."

"వచ్చి ఏంజేసేది? సామి ముందర చెప్పి తప్పినదాన్ని. ఈ నోరు ఇంగ ఆయప్పది. చేసేదేదో ఆయప్పే చేస్తాడు. మీ డాక్టరమ్మకేం పని ఈడ?"

"ఒకసారి నోరు చూపించక్కా."

"చూపీను. నువ్వు పోయి మీ నాయనకు చెప్తావు."

"నాయనకు తెలుసు."

ఆమె గొళ్ళెం మీద చెయ్యి వేసింది. తర్వాత గొంతు తగ్గించి, "తిట్నాడా?" అంది.

"లేదక్కా."

తలుపు వేసుకుంది.

ఇంటికి వస్తే నాయన ఒక పరుపు దూది ఏకుతున్నాడు. జరిగింది చెప్పాను. వింటూనే పని చేసుకుంటూ పోయాడు. చివరికి, "రంజాన్లో ఒంట్లో బాగలేక ఒక్కపొద్దు విడిస్తే ఏంజేస్తామ్మా?" అని అడిగాడు.

"నెలైపోయినాక ఇంకో దినం పట్టుకుంటాం."

"ఒక దినం పాయ కదాని నెలంతా కూడు తింటా కూసుంటామా?"

"ఊహూఁ."

"మరి అదే చెప్పిరావాల్సింది."

"నువ్వు చెప్తే నమ్ముతుంది నాయనా. నేను చెప్తే మందు పాఠం అనుకుంటుంది."

నాయన దూది దులుపుకుని లేచాడు. పెద్దక్క ఇంటి ముందు వీధిలోనే నిలబడి పిలిచాడు. ఆమె తలుపు తెరిచి తల వంచుకుంది.

"ఏమ్మా, సామి ముందర నువ్వు మాటిచ్చింది బతకనీకి. సావనీకి కాదు" అన్నాడు. "తప్పిన దినానికి ఇంకో దినం పట్టుకో. అంతకుమించి ఆయన అడగడు. రేపు మా పాపతో ఆస్పత్రికి పో."

ఆమె ఏడవలేదు, దండం పెట్టలేదు. "సరే సాయిబన్నా" అని మాత్రం అంది. మర్నాడు నాతో వచ్చింది. మచ్చ పెరిగింది. అంచు కాస్త గట్టిపడింది. మరీ ఆలస్యం కాలేదని డాక్టరమ్మ అన్నప్పుడు నేను లోపల్లోపలే దేవుణ్ణి తలుచుకున్నాను.

కాని పళ్ళెం అలాగే ఉంది. మర్నాడు ఇంకో వసారా, మళ్ళీ అదే పళ్ళెం. ఈమెను మార్చి ఆ పళ్ళేన్ని అలాగే వదిలేస్తే లాభం లేదని డాక్టరమ్మ అంది. పొగాకు తీసేస్తే దాని జాగాలో ఏం పెట్టాలి? ఆ మాటకు పెద్దక్కే జవాబు చెప్పింది. ఒలిచేటప్పుడు కొన్ని గింజలు ఎలాగూ చిట్లుతాయి, అవి విత్తడానికి పనికిరావు. వాటిని బెల్లంతో కలిపి ముందే తినిపిస్తే మంచి గింజ మీదికి చెయ్యి పోదు. డాక్టరమ్మకు ఆ మాట నచ్చింది. ముగ్గురమూ కలిసి ఆసామిని అడిగాము.

"చిట్లినవి పెడితే, తినేదానికని చిట్లగొడతానే ఉంటారు" అన్నాడు ఆయన.

"నా గుంపు అట్లాంటిది కాదన్నా."

"అవునమ్మా, ఎవురన్నా ముందు పెట్టి చూపీండి. అప్పుడు చూస్తాం లే."

ఎవరింటికి వెళ్ళినా ఇదే మాట. ముందు ఎవరన్నా. ఆ ఎవరన్నా కావడానికి ఎవరూ సిద్ధంగా లేరు. మాకూ ఒక చిన్న ఎర్రనేల చేను ఉంది, దానికీ విత్తనం ఒలవాలి. ప్రతి ఏడాదీ నాయన, నేను కూర్చుని మెల్లగా ఒలుచుకునేవాళ్ళం. ఈసారి పెద్దక్క గుంపును పిలుద్దామని నాయనతో అన్నాను. సరే అన్నాడు.

"బెల్లం చదివించియ్యి నాయనా. చదివించిన బెల్లం తిన్న నోట్లో పొగాకు పెట్టుకోవాలంటే జంకుతారు" అని అడిగాను. నా మటుకు నాకు అది మంచి ఉపాయం అనిపించింది.

నాయన ఒప్పుకోలేదు. "ఒకసారి దేవుడి పేరు పెట్టుకుంటే ఏమాయ? తప్పగానే మన మొగమే చూడకపాయ. ఈసారి ఉత్త బెల్లమే పెట్టు. తప్పినా మన్నాడు రానీకి దారుండాల" అన్నాడు.

ఉత్త బెల్లమే పెట్టాను. చిట్లిన గింజలు వేయించి బెల్లం ముక్కలతో కలిపాను. పళ్ళెంలో ఆకు, వక్క కూడా ఉంచాను. వక్క కూడా మంచిది కాదని డాక్టరమ్మ అంది గాని, ఆ ఏడాది వక్కతో మేము పోట్లాడలేదు.

గుంపు వచ్చి కూర్చుంది. పళ్ళెం చూసి ఒకామె మోచేత్తో పక్కామెను పొడిచింది.

"ఏం పాపా, పెండ్లిచూపులా ఏమి, తీపి పెడతాండావు?"

"పిల్లోడు యాడుండాడు మరి? మేం చూడొద్దా?"

"ముందు నీ పని చూడు పెద్దమ్మా" అన్నాను.

"చిట్లినవన్నీ మావేనా పాపా?" అని ముసలమ్మ అడిగి, అందరూ చూస్తుండగా ఒక మంచి గింజను బొటనవేలితో పుటుక్కున నొక్కింది. "ఇదో, చిట్లె!"

"ఏమే ముసల్దానా, నా పేరు తీస్తావా?" అని పెద్దక్క ఆమె చేతి మీద ఒక్కటి వేసింది. వసారా అంతా నవ్వు. నాయన వినబడనట్టు దూది ఏకుతూనే ఉన్నాడు.

ఎండ ముదిరేకొద్దీ నవ్వులు తగ్గాయి. ఒకామె తల నొప్పి అంది. ఇంకొకామె ఊరికే విసుక్కుంది. పెద్దక్క చెయ్యి మాటిమాటికీ నడుము దగ్గరికి వెళ్ళి, తిత్తిని తాకి, తిరిగి వచ్చేది. మధ్యాహ్నం దాటాక ముసలమ్మ లేచి గోడ వెనక్కి వెళ్ళింది. రెవిక మడతలో తెచ్చుకున్నది పెట్టుకుని వచ్చిందని వాసనే చెప్పింది. అందరూ తల దించుకుని ఒలుస్తున్నారు. ముసలమ్మ ఎవరివైపూ చూడకుండా, లేచిపోయేదానిలా చాప అంచున కూర్చుంది.

పెద్దక్క బెల్లం పళ్ళెం ఆమె ముందుకు తోసింది. "ఈ పూట పాయ. పోనీలే. రేపటి పూట చూద్దువు, గమ్మున కూసో" అంది.

ముసలమ్మ లేచి నోరు కడుక్కుని వచ్చి, చాప మధ్యకు జరిగి కూర్చుంది. ఆస్పత్రిలో నేను నేర్చుకున్న మాటల్లో ఇంత పొట్టిది, ఇంత పని చేసినది ఒక్కటీ లేదు.

సాయంత్రం నాయన గింజలు కొలిచాడు. చిట్లినవి మామూలుకంటే కాస్త ఎక్కువ. మిగిలిందంతా నిండు విత్తనం. ఆసామి ఊరికే అటుగా వచ్చినట్టు వచ్చి, కుప్పలో చెయ్యి పెట్టి చూశాడు.

"బెల్లమేనా పెట్టింది?"

"బెల్లమే" అన్నాడు నాయన.

"ఊఁ. మా ఇంట్లో ఆమెను అడగాల" అంటూ వెళ్ళిపోయాడు.

మర్నాటి ఒలుపుకు ఆయన ఇంట్లో రెండు పళ్ళేలూ పెట్టారు, పొగాకుది, బెల్లంది. దాని తర్వాత ఇంకో ఇంట్లో బెల్లం ఒక్కటే. "ఆ ఆసామోళ్ళింట్లో పెట్నారంట" అన్న మాట, మేము తిరిగి చెప్పినదానికంటే వేగంగా నడిచింది. పెట్టని ఇళ్ళు కూడా ఉన్నాయి. మానని ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ముసలమ్మ పోయేదాకా అప్పుడప్పుడూ గోడ వెనక్కి వెళ్ళి వచ్చేది.

ఆ ఏడాది వాన ఒక పదునుకు పడి నిలిచిపోయింది. పైరు సగం మాడింది. పనులు లేని ఆ నెలల్లో పెద్దక్కకు తీరిక ఎక్కువైంది, తీరిక ఉన్నప్పుడు పొగాకు గుర్తొచ్చేదట. రెండుమూడుసార్లు తప్పింది. తప్పిన ప్రతిసారీ ఆస్పత్రికి వచ్చి తనే చెప్పింది. "నిన్న తప్పినా పాపా. ఈ పొద్దు మళ్ళా పట్టుకున్నా" అని బెంచీ మీద కూర్చునేది. డాక్టరమ్మ అవునా అని తల ఊపి టార్చి తీసేది. మచ్చ ఒకసారి అలాగే ఉండేది, ఇంకోసారి కాస్త పలచగా కనబడేది. తేల్చి ఏమీ చెప్పలేకపోయింది.

రెండువేల సంవత్సరం దాటాక ఒలిచిన విత్తనమే మూటల్లో రావడం మొదలైంది. వసారాలు ఖాళీ అయ్యాయి. గుంపులో చిన్నవయసు వాళ్ళు కొందరు రాయదుర్గం వైపు ప్యాంట్లు కుట్టే పనికి పోయారు. పెద్దక్క ఊళ్ళోనే ఉండిపోయి రెండు మేకలు పెట్టుకుంది. తిత్తి మాత్రం నడుమునే ఉండేది. అందులో బెల్లం ముక్కలు, వాము ఉండేవి. మేకలు కాసేచోట పక్కన ఎవరు కూర్చున్నా తాడు విప్పి ఇచ్చేది.

ఆఖరిసారి డాక్టరమ్మ ఆమె నోరు చూసిన రోజు నేను పక్కనే ఉన్నాను. టార్చి చాలాసేపు వేసి ఉంచింది. గుడ్డతో తుడిచింది, వేలితో ఒత్తి చూసింది, రెండో బుగ్గ కూడా చూసింది. తర్వాత టార్చి నా చేతికిచ్చి, నువ్వూ చూడు అంది. మచ్చ ఉన్న చోట ఏమీ లేదు. రెండో బుగ్గ లాగే ఎర్రగా, తడిగా ఉంది.

"పోయిందక్కా" అన్నాను.

పెద్దక్క నోరు మూసుకుని, నాలుక లోపలివైపు ఒకసారి తిప్పి చూసుకుంది. నమ్మినట్టు లేదు. నా పెదవులు కదలడం చూసి, "ఏమంటాండావు నువ్వు?" అంది.

"షుక్రియా చెప్పుకుంటాండా."

ఆమె లేచి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని, తిత్తి సరిచేసుకుంది. వాకిలి దాకా పోయి ఆగింది.

"ఊరికే నిలబడుకుంటే ఎట్లా పాపా? పోయి మీ నాయనకు చెప్పు" అంది.